ఎడమ కాలి పాఠం

ముప్పై అయిదేళ్లకే ఆటగాడి కథ ముగిసిపోతే... ఆ తర్వాత? కొత్తగూడలో ఓ ఆదివారం పొద్దున ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర ఎదురొచ్చింది!

పొద్దున ఆరున్నర. కొత్తగూడ చౌరస్తా. వారమంతా హారన్ల మోతతో హోరెత్తిపోయే చోటేనా ఇది అనిపించేంత ప్రశాంతంగా ఉంది. 2023 జనవరి 1న మొదలైన ఫ్లైఓవర్ మీద ఒకటీ అరా కార్లు. కింద ఇడ్లీ బండి. ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడే తింటున్న వాచ్‌మన్లు, నైట్ షిఫ్ట్ ముగించుకుని మెడలో ఐడీ కార్డు తీయడం కూడా మరచిపోయిన కుర్రాళ్లు. ఒకవైపు కొండాపూర్, ఇంకోవైపు హైటెక్ సిటీ, మరోవైపు గచ్చిబౌలి... ఎటు పోవాలన్నా ఈ కూడలి దాటాల్సిందే.

గూడ అంటే చిన్నపాటి పల్లె. పేరులో పల్లె మిగిలింది కానీ ఊరు మాత్రం అంతస్తులుగా పైకి లేచింది. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది మొదలు చుట్టుపక్కల భూములన్నీ గజాల లెక్కలోకి వచ్చేశాయి. గజాల లెక్కలోకి వచ్చిన చోట పిల్లలు ఆడుకునే జాగా మిగలదు. మిగిలినా అది గంటల లెక్కలోకి పోతుంది!

నమ్మకపోతే ఏ సందులోకైనా తిరిగి చూడండి. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య నాలుగు పక్కలా ఎత్తైన వల, లోపల ప్లాస్టిక్ పచ్చిక, మూలల్లో ఫ్లడ్‌లైట్లు. టర్ఫ్ అంటారు. గంటకింత అని అద్దె. రాత్రిళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు క్రికెట్ ఆడతారు. పొద్దున పూట మాత్రం పిల్లలది.

''ఎడమ కాలు! ఎడమ కాలు!'' అన్న కేక విని నేనూ ఓ వల ముందు ఆగిపోయాను.

లోపల ఇరవై మంది పిల్లలు. అందరూ ఎడమ కాలితోనే బంతి తన్నాలి. తొమ్మిదేళ్ల బుడతడొకడు కోచ్ అటు తిరగ్గానే కుడి కాలితో ఠపీమని తన్నేస్తున్నాడు. రెండుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు కోచ్. మూడోసారి మాత్రం పిలిచి, కుడి కాలి బూటు విప్పి పక్కన పెట్టమన్నారు. ఇంకెలా తన్నుతాడు మరి! మిగతా పిల్లలంతా ఒకటే నవ్వు.

కోచ్ వయసు ముప్పై ఆరు. కోల్‌కతాలో కొన్నాళ్లు, గోవాలో కొన్నాళ్లు డబ్బు తీసుకుని ఫుట్‌బాల్ ఆడిన మనిషి. మోకాలు మొరాయించడంతో అయిదేళ్ల కిందట ఆపేశారు. పేరు రాయొద్దన్నారు. ''నా ముచ్చట ఏముంది సార్... పిల్లల గురించి రాయండి'' అన్నారు. తర్వాత బాటిల్‌లో నీళ్లు తాగి ఒక్క మాట చెప్పారు. ''ఆడేటప్పుడు నా రెండు కాళ్లు చూస్కుంటే సరిపోయేది. ఇప్పుడు ఇరవై మందివి చూడాలె.''

మధ్యలోనే మాజీ!

ఈ కొత్తగూడలోనే ముప్పై ఆరేళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని ఊహించుకోండి. అప్పుడప్పుడే టీమ్ లీడరో మేనేజరో అయి ఉంటాడు. ఇంకా పాతికేళ్ల ఉద్యోగ జీవితం ముందుంటుంది. అదే వయసుకు ఫుట్‌బాలర్ పేరు ముందు 'మాజీ' వచ్చి చేరుతుంది. కొందరికి ఆ మాట ఇంకా ముందే వస్తుంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. మరుసటి ఏడాదే జబ్బు చేసి, ముప్పై నిండకుండానే ఆట మానేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసే నాటికి, ఆడిన కాలం కంటే ఆడకుండా గడిపిన కాలం ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆ మిగిలిన కాలాన్ని ఏం చేసుకోవాలి? పాత రోజుల్లో పోలీసు, రైల్వే, బ్యాంకు ఉద్యోగాలు ఉండేవి. ఆట ఆగినా జీతం ఆగేది కాదు. క్లబ్బుతో ఒప్పందం మీద ఆడేవాడికి ఆ భరోసా లేదు. ఒప్పందం ముగిసిన రోజే జీతమూ ముగుస్తుంది. చేతిలో ఉన్నది ఆట ఒక్కటే. కాబట్టి చాలామందికి కనిపించే దారి ఒకటే... కోచింగ్.

చెప్పినంత తేలికైన దారి కాదది. బంతిని ఎలా ఆపాలో ఆటగాడి కాలికి తెలుసు. ఎందుకలా ఆపుతున్నాడో అతణ్ని అడిగితే చెప్పలేకపోవచ్చు. కాలికి తెలిసింది నోటితో చెప్పగలిగితేనే కోచ్. అందుకే దానికో చదువు ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ద్వారా నడిచే లైసెన్సు కోర్సులవి. డి నుంచి మొదలై సి, బి, ఎ... చిట్టచివర ప్రో. పిల్లలకు ఆట ఎలా పరిచయం చేయాలి, రోజువారీ సాధనకు ప్రణాళిక ఎలా రాసుకోవాలి, వయసును బట్టి బరువు ఎంత మోపాలి... ఇవన్నీ నేర్పి, మైదానంలో చేయించి చూసి పరీక్ష పెడతారు. ఎంత పేరున్న ఆటగాడైనా మళ్లీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చోవాల్సిందే. మన కోచ్ సి దాకా వచ్చారు. బి కోసం డబ్బు కూడబెట్టుకుంటున్నారు.

పంతులు నేర్పిన ఆట

ఎడమ కాలి పాఠం గురించి అడిగితే ఆయన ఒక పేరు చెప్పారు. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ కోచింగ్ గురించి ఎవరు మాట్లాడినా ముందు తలుచుకునే పేరది. 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆడారు. వృత్తి మాత్రం బడి పంతులు. జనం 'రహీం సాబ్' అని పిలుచుకునేవారు. కుర్రాళ్లకు బలహీనమైన కాలు కూడా అలవాటు కావాలని, ఆ కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టించారట. బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించడం నేర్వాలని, డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో పోటీలు నడిపారట. బడిలో ఎక్కాలు చెప్పించినట్టే అన్నమాట!

ఫలితం చరిత్రలో ఉంది. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం అందుకుంది. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో ఆయన చనిపోయారు. 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చాక కొత్తతరానికీ ఆయనెవరో తెలిసింది.

ఆ తర్వాత నగరం నుంచి ఆటగాళ్లే కాదు, ఆట నుంచి కోచింగ్‌కు మారిన వాళ్లూ వరసగా వచ్చారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు సారథి సయ్యద్ నయీముద్దీన్. ఆట మానేశాక కోల్‌కతా పెద్ద క్లబ్బులకూ, భారత జట్టుకూ కోచ్‌గా పనిచేశారు. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా 1990లో ద్రోణాచార్య... రెండూ అందుకున్నారు. 1977లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మహ్మద్ హబీబ్, తర్వాత టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు పాఠాలు చెప్పారు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే తుదిశ్వాస విడిచారు. 1974లో ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో కలిసి పంచుకున్న భారత జట్టుకు కెప్టెన్ షబ్బీర్ అలీ. గోవా క్లబ్ సాల్గావ్‌కర్ 1998-99లో జాతీయ లీగ్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే.

గమనించారా? గురువులు ఇక్కడివాళ్లు. వాళ్లు పాఠం చెప్పింది మాత్రం ఎక్కువగా కోల్‌కతాలో, గోవాలో, జంషెడ్‌పూర్‌లో. డబ్బున్న క్లబ్బులు, నిండిన గ్యాలరీలు అక్కడున్నాయి మరి. హైదరాబాద్‌కూ సొంతంగా పెద్ద క్లబ్బు ఉంటే బాగుండునని ఎందరు అనుకున్నారో. ఒకరోజు నిజంగానే వచ్చింది.

''ఆ స్టేడియం ఒకసారి చూసి రండి సార్'' అన్నారు కోచ్. ఆయన రెండో బ్యాచ్ మొదలయ్యేలోగా వెళ్లొద్దామని బయల్దేరాను.

వచ్చింది... గెలిచింది... వెళ్లింది!

కొత్తగూడ నుంచి గచ్చిబౌలి వైపు తిరగ్గానే కుడిపక్క బొటానికల్ గార్డెన్. 270 ఎకరాల పైచిలుకు పచ్చదనం. పొద్దుటి నడక ముగించుకున్న పెద్దవాళ్లు గేటు ముందు రాగిజావ తాగుతున్నారు. ఇంకాస్త ముందుకెళ్లి పాత ముంబయి రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి స్టేడియం. అసలు పేరు జీఎంసీ బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. అదే ఏడాది హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరు పెట్టారు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు ఇదే దాని ఇల్లు. మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. 2020లో స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ వచ్చాక కుర్రాళ్ల మీద నమ్మకం పెట్టి జట్టును నిలబెట్టారు. 2022 మార్చి 20న ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో స్కోరు 1-1 దగ్గర ఆగింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడలా నిలబడ్డాడు. కప్పు హైదరాబాద్‌దే! కాకపోతే కొవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే సొంత జట్టు చాంపియన్ అయింది.

తర్వాత కథ తలకిందులైంది. 2023-24లో జీతాలకు కటకట. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2024లో యాజమాన్యం మారింది. అదే ఏడాది సెప్టెంబరులో భారత జట్టు కోచ్‌గా మార్క్వెజ్ తన తొలి మ్యాచ్‌ను ఈ పాత ఇంట్లోనే ఆడించారు. డిసెంబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ కోచ్‌ను తప్పించి, రిజర్వ్ జట్టును చూసుకుంటున్న షమీల్ చెంబకత్‌కు తాత్కాలికంగా పగ్గాలిచ్చారు. కేరళకు చెందిన ఆయనా మాజీ ఆటగాడే. చిన్న జట్టుకు ఓపికగా నేర్పుతున్న మనిషికి పెద్ద జట్టు అలా చేతికొచ్చింది. ఎంతో కాలం నిలవలేదు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

స్టేడియం గేటు బయట కాసేపు నిలబడ్డాను. జట్టు అంటే జెర్సీలు, జెండాలే కాదు. కొత్తగూడలో బంతి తన్నే పిల్లవాడికి 'పెద్దయ్యాక అక్కడ ఆడతా' అని వేలెత్తి చూపించే చోటు. వాడికి నేర్పే మాజీ ఆటగాడికి 'ఎప్పటికైనా ఆ బెంచీ మీద కూర్చుంటా' అనుకునే చోటు. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉండాల్సిన ఆ కల ఇప్పుడు ఢిల్లీ రైలెక్కింది.

అయినా నేర్పాల్సిందే...

తిరిగొచ్చేసరికి టర్ఫ్ గేటు దగ్గర తల్లిదండ్రులు చేరారు. పిల్లల ఫీజుల్లోంచి టర్ఫ్ అద్దె పోగా మిగిలిందే కోచ్ సంపాదన. ఏప్రిల్, మేలో పిల్లలు కిక్కిరిసిపోతారు. పరీక్షలొస్తే సగం మంది మానేస్తారు. ఆ నెల ఇంటి అద్దె కట్టడం కష్టమే. బ్యాంకు ఉద్యోగమో పోలీసు ఉద్యోగమో వెనకున్న పాతతరం కోచ్‌లకు లేని చింత ఇది.

బూటు విప్పిన బుడతడి నాన్న కూడా అక్కడే ఉన్నారు. కాస్త మొహమాటంగానే అడిగారు. ''మావాడికి ఫ్యూచర్ ఉందంటారా సార్?''

ఆటగాడిగా ఉన్నప్పుడైతే కోచ్ ఏం చెప్పేవారో తెలియదు. ఇప్పుడు మాత్రం చాలాసేపు ఆలోచించారు. అబద్ధం చెప్పి ఆశ పెట్టొచ్చు. నిజం చెప్పి ఫీజు పోగొట్టుకోనూవచ్చు.

''ఫ్యూచర్ నాకు తెల్వదు సార్. ఎడమ కాలు మాత్రం వస్తది. దానికి నాది గ్యారంటీ'' అన్నారు.

ఆ తండ్రి నవ్వేశారు. నాకు మాత్రం రహీం సాబ్ గుర్తొచ్చారు. ఆయన కాలంలో ప్రొఫెషనల్ లీగులు లేవు, ఒప్పందాలు లేవు. ఒక కాలు వచ్చిన పిల్లవాడికి రెండో కాలు కూడా నేర్పాలన్న పంతులు పట్టుదల ఉంది. మిగతావన్నీ దాని వెనకే వచ్చాయి. ఈసారి కూడా వస్తాయా అంటే... ఎవరు చెప్పగలరు? నేర్పేవాళ్లు ఊళ్లో మిగిలి ఉంటేనే ఆ ప్రశ్నకు అర్థం. వాళ్లు మిగలాలంటే గంటల లెక్కన అద్దె వసూలు చేయని మైదానం ఒకటైనా ఈ చుట్టుపక్కల కావాలి. పరీక్షల నెలలోనూ కోచ్‌కు జీతం ఇచ్చే బడి ఒకటైనా కావాలి.

రెండో బ్యాచ్ వాళ్లు లోపలికి వస్తున్నారు. బుడతడు ఒంటికాలి బూటుతో కుంటుకుంటూ వచ్చి కోచ్ ముందు నిలబడ్డాడు.

''సార్, ఇంక వేసుకోవచ్చా?''

''వేసుకో. వచ్చే ఆదివారం మళ్లీ విప్పాలె'' అన్నారు కోచ్, తర్వాతి బ్యాచ్ వైపు బంతి తన్నుతూ. ఎడమ కాలితోనే!