రివెట్టుకు ఆనించిన వేలు

గోక్‌టేక్ వంతెన దగ్గరపడగానే రైల్లో జనమంతా ఒకే పక్కకి చేరిపోయారు. కిటికీల్లోంచి చేతులు, చేతుల్లో సెల్‌ఫోన్లు. మా ఎదురుబెంచీలో చెంపలకి థనాకా గంధం పూసుకున్న షాన్ తెగ పెద్దావిడ మాత్రం మొక్కజొన్న పొత్తు ఒలుచుకు తింటూ కదలకుండా కూర్చుంది. సంతకి పోయే దారి ఆమెకది, వింతేముంది? వెనక ఎవరో కుర్ర యాత్రికుడు, ఫొటోల్లో ఇంకా ఎత్తుగా ఉందే అని పెదవి విరిచాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

ఇది 2019 చలికాలం నాటి మాట. నన్ను అక్కడికి తోలింది మా పెదనాన్న. రంగూన్‌లో పుట్టి, 1964లో అక్కడి ఇల్లూ వాకిలీ వదులుకుని విశాఖలో ఓడ దిగి, బర్మా క్యాంపులో స్థిరపడిన మనిషి. "బర్మా వెళ్తున్నావు కదరా, ఆ కొండ వంతెన చూసి రా. మా నాన్న రేవులో మూటలు మోసేవాడు. మేం రంగూన్ దాటి చూసిందెక్కడ?" అన్నాడు. పుట్టిన దేశంలో ఆయన చూడని చోటుకి నేను టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాను.

మాండలే నుంచి లాషియో వెళ్లే మీటర్ గేజి దారి అది. కొండ ఎక్కలేక బండి ముందుకీ వెనక్కీ మళ్లుతూ పైకి చేరుతుంది. ఒకప్పుడు తెల్లదొరలు ఎండలు తప్పించుకోడానికి మేమియో అని పిలుచుకున్న ప్యిన్ ఊ ల్విన్ దాటాక అడవి చిక్కబడుతుంది. వంతెన మీదికి రాగానే బండి నడకకన్నా కాస్త వేగంగా, అంతే. పెట్టె కిర్రుమన్నప్పుడల్లా నవ్వులు ఆగిపోయాయి. పెదవి విరిచిన కుర్రాడు కూడా కిందికి చూసి కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

లెక్కలు గైడు పుస్తకాల్లో అందరికీ దొరికేవే. పొడవు 689 మీటర్లు, ఎత్తు 102 మీటర్లు, 15 ఉక్కు గోపురాలు. 1899లో పని మొదలైంది. పర్యవేక్షణ సర్ ఆర్థర్ రెండెల్‌ది. ఉక్కు అమెరికాలోని పెన్సిల్వేనియాలో తయారై ఓడల్లో వచ్చింది. పుస్తకాలు అంతగా పట్టించుకోని విశేషం అడుగున ఉంది. ఈ ఉక్కు వంతెన కాళ్లు మోపింది సహజంగా ఏర్పడిన ఒక రాతి వంతెన మీద. నది ఆ రాతి కిందుగా సొరంగంలోకి దూరిపోయి అవతలెక్కడో తేలుతుంది. అందుకే వంతెన మీంచి వంగి చూసినవాడికి అడవి కనిపిస్తుంది గానీ నీళ్లు కనిపించవు.

వంతెన పక్కనున్న చిన్న స్టేషన్లో దిగాం. నాతో వచ్చిన కుర్రాడిది యాంగోన్, అంటే పాత రంగూనే. ముత్తాత శ్రీకాకుళం నుంచి పోయినవాడు. ఊరు ఎన్నడూ చూడకపోయినా అతని నోట ఆ ఊరి తెలుగే పలుకుతోంది. "అన్నియ్యా, ఆ ఊలేతో మాటాడతారేటి? ఈ లైన్లోనే ముసిలోడైపోనాడు" అన్నాడు. ఊలే అంటే అక్కడ బాబాయి లాంటి పిలుపు. లుంగీ మీద పాత కోటు, భుజాన సంచి, సంచిలో చిన్న సుత్తి, సుద్దముక్క. పట్టాలు చూసే కీమన్ అన్నమాట. ఏం చూస్తావని అడిగితే నోటితో చెప్పలేదు. వంతెన మొదట్లో గట్టు దిగి, చేతికందే దూలం దగ్గరికి తీసుకుపోయాడు.

ఎడమ చూపుడువేలు రివెట్టు తలకి ఒక పక్కన ఆనించాడు. రెండో పక్క సుత్తితో తట్టాడు. ఇంకో రివెట్టు, ఇంకొకటి. వేలు గట్టిగా నొక్కడు, నాడి చూసే వైద్యుడిలా ఊరకే ఆనిస్తాడు. ఆ వేలి గోరు చీలి నల్లబడి ఉంది. చర్మం మందంగా బండబారి ఉంది. ఇంత బండబారిన వేలికి ఏం తెలుస్తుందా అనుకున్నాను. ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి మళ్లీ తట్టాడు. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. నాకు ఏ తేడా తెలియలేదు. ఆయన సుద్దతో గీత పెట్టాడు.

"ఏలికి తెలుస్తాదంట అన్నియ్యా. సెవికి తెలీదంట" అన్నాడు కుర్రాడు.

వదులైన రివెట్టు తల చుట్టూ ఎర్రటి తుప్పు చార కారుతుందిట. చార వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టేనట. రివెట్టు ఎర్రగా కాల్చి కొట్టే ముఠాలు ఇప్పుడు లేవు. బోల్టు వేస్తారు. పాత కన్నానికి కొత్త బోల్టు సరిగ్గా దిగదు. కన్నం పెంచితే చుట్టూ ఉక్కు తగ్గిపోతుంది. ఇవన్నీ ఆయన ఫిర్యాదులా కాక, ఇంట్లో జబ్బుమనిషి సంగతులు చెప్పినట్టు చెప్పాడు. అసలు ఫిర్యాదు కొత్తగా చేరిన కుర్రాళ్ల మీద. వాళ్లు నడుచుకుంటూ పోతూ, కళ్లతో చూసి, పుస్తకంలో "బాగుంది" అని రాసేస్తున్నారట. వేలు పెట్టడం లేదట.

ఆ మాట విన్నాక నాకు వంతెన మీద కన్నా వంతెన చరిత్ర మీద కోపం వచ్చింది. రెండెల్ పేరుంది. పెన్సిల్వేనియా కంపెనీ పేరుంది. దాన్ని పేల్చాలనుకున్నవాడి పేరు కూడా ఉంది. 1942లో జపాన్ సేన తరుముకొస్తుంటే మైక్ కాల్వర్ట్ అనే అధికారి వంతెన పేల్చేస్తానన్నాడు. పైవాళ్లు వద్దన్నారు, ఆయన మాట విన్నాడు. తీరా తర్వాత తెలిసిందేమిటంటే, వినకుండా పేల్చేస్తాడనే పైవాళ్లు ఆశపడ్డారట. ఇలాంటి కథలు ముచ్చటగా చెప్పుకుంటారు. నూరేళ్లకి పైగా ఎండలో, షాన్ కొండల పొగమంచులో రివెట్టు రివెట్టుకీ వేలు ఆనించినవాళ్ల పేరు ఒక్కటీ ఎక్కడా లేదు.

మనమేం తక్కువ తినలేదు. రాజమండ్రిలో హేవ్‌లాక్ వంతెన ఇంచుమించు దీని ఈడుదే. 1900లో రైలెక్కింది, 1997లో దిగింది. దాన్ని పర్యాటక స్థలం చేయాలన్న మాట గోదావరిలో నీళ్లు వచ్చినంత క్రమంగా వస్తూనే ఉంది. రంగుదీపాల గురించి మాట్లాడతారు, తినుబండారాల కొట్ల గురించి మాట్లాడతారు. దాని మీద నడిచిన కీమన్లని కూర్చోబెట్టి, ఏ దూలం ఎక్కడ ఎలా మూలిగేదో రాయించుకుందామన్న మాట మాత్రం నా చెవిన పడలేదు. వాళ్లలో బతికున్నవాళ్లెందరో, వాళ్ల చేతులకి తెలిసినదాంట్లో మిగిలిందెంతో.

2025 ఆగస్టులో గోక్‌టేక్ మీద పేలుడు జరిగింది. తిరుగుబాటు సేనలే బాంబు పెట్టాయని సైన్యం అంది. సైన్యం వేసిన బాంబే వంతెనకి తగిలిందని వాళ్లన్నారు. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. విరిగిన చోటు ఫొటోలో చూసేసరికి ఊలే చెప్పిన మరో ముక్క గుర్తుకొచ్చింది. రైలు ఎక్కడో చివర కుదిపితే రివెట్టు ఇంకెక్కడో వదులవుతుందట, దెబ్బ తగిలిన చోటు ఒక్కటీ చూసి లేస్తే మోసపోతామట. ఆ లెక్కన విరిగిన ముక్క మార్చినంత మాత్రాన పని అయిపోదు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా, 15 గోపురాల మీదా, ప్రతి రివెట్టునీ మళ్లీ తట్టి చూడాలి. ఇరుపక్షాలవాళ్లూ ప్రకటనల్లో ఒకరినొకరు తిట్టుకున్నారు. తట్టేదెవరో ఎవరూ చెప్పలేదు.