మాట పోయినా మిగిలేది

సామెతలను అనువదించడం ఎంత కష్టమో ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న నాకు తెలుసు. "పాడగా పాడగా రాగం, మూలగగా మూలగగా రోగం" అన్నదానిని ఇంగ్లీషులో చెబితే అర్థం చేరుతుంది గాని, రాగానికీ రోగానికీ నడుమనున్న చమత్కారం ఇవతలి ఒడ్డునే నిలిచిపోతుంది. 1868లో కెప్టెన్ కార్ 'ఆంధ్రలోకోక్తి చంద్రిక' పేరిట మన సామెతలను ఇంగ్లీషు అనువాదాలతో మద్రాసులో వెలువరించాడు. ఆ పుస్తకం తిరగవేసినప్పుడల్లా, ఈ చిక్కు నా ఒక్కదానిదే కాదు గదా అని ఊరట చెందేదాన్ని. మనసు సామెతను పాటలాగే దాచుకుంటుందని నాకు బోధపడింది మాత్రం మా నాన్నగారి అనారోగ్య సమయంలోనే.

పక్షవాతంతో ఆయన కుడిచేయి పడిపోయింది. దానితోపాటు మాటా పోయింది. మేము చెప్పేది ఆయనకు తెలిసేది. బదులు పలుకబోతే పదం అందేది కాదు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి తన పేరు తాను చెప్పుకోలేక కంట తడి పెట్టేవారు. వైద్యులు దీనిని అఫేసియా అన్నారు. అత్యధికులలో భాషా కేంద్రాలు మెదడు ఎడమ భాగంలో ఉంటాయి. అక్కడ దెబ్బ తగిలితే ఆలోచన నిలిచి ఉన్నా మాట కూడదు.

ఒకనాడు అమ్మ అలవాటుగా "తానొకటి తలచిన..." అని నిట్టూర్చింది. "దైవమొకటి తలచును" అన్నారు నాన్నగారు, స్పష్టంగా! తన పేరు పలుకలేని నోటికి సామెత ఎలా వచ్చింది?

చెన్నైలో ఆయనకు మాట నేర్పిన చికిత్సకురాలు వివరించారు. అప్పటికప్పుడు వాక్యం కూర్చడం వేరు. ఏళ్ళ తరబడి వాడుకలో ఒక్క ముద్దగా గట్టిపడిన మాట వేరు. సామెతలు, ప్రార్థనలు, అంకెల వరుస, పాటలు ఇటువంటి రోగులలో తరచు మిగిలి ఉంటాయి. మాట పోయినా భక్తిగీతాలు పాడగలిగిన రోగిని గురించి స్వీడన్‌లో ఓలోఫ్ దాలిన్ 1745లోనే వ్రాశాడు. 1973లో బోస్టన్ పరిశోధకులు దీనినే చికిత్సగా మలిచారు. నిత్యం అవసరమయ్యే చిన్న మాటలను రెండు స్వరాలలో, ఎడమచేతితో తాళం వేయిస్తూ పాడించి, క్రమంగా స్వరాన్ని తగ్గిస్తూ మాటకు చేరుస్తారు. అది అందరికీ ఒకే విధంగా ఫలించదు.

ఆమె మాతృభాష తమిళం, తెలుగు రాదు. కాని చిన్ననాడు నేర్చిన త్యాగరాజ కీర్తన ఒకటి ఆమె అందుకోగానే నాన్నగారు గొంతు కలిపారు. తిరువయ్యారులో జీవించి 1847లో పరమపదించిన ఆ వాగ్గేయకారుని తెలుగు కీర్తనలను తమిళనాట తరతరాలుగా పాడుకుంటున్నారు. ఆమెకు అర్థం తెలియని పదాలవి. ఆయనకు విడిగా అందని పదాలవి. ఇద్దరూ ఒక్క తాళంలో సాగిపోయారు. సమైక్యతను గురించి నేను అనువదించిన ఉపన్యాసాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏదీ ఆ అయిదు నిమిషాలకు సాటి రాదు.

పాట వచ్చినంత మాత్రాన మాట వచ్చినట్లు కాదని ఆమె హెచ్చరించారు. నిజమే. "నీళ్ళు" అనే ఒక్క మాటకు ఆరు వారాలు పట్టింది. నా పేరు ఇంకా రాలేదు. నన్ను చూడగానే ఆయన ఎడమచేయి ఊపుతారు. నేను ఒక సామెత సగం అందిస్తాను, ఆయన పూర్తి చేసి నవ్వుతారు. ఆ నవ్వులో మా నాన్నగారు మునుపటివారే.

పెద్దలు చెప్పిన సామెతే మళ్ళీ చెబుతారని పిల్లలు విసుక్కుంటారు. విసుక్కున్నా విననివ్వండి. కరవుకాలానికి గాదెలో పోసుకునే గింజలవి.