రాయి పడిపోయింది, వ్యాధి మిగిలింది

మూత్రపిండంలో రాయి వచ్చిన మనిషికి రెండు రోజులు బాగా గుర్తుంటాయి. నొప్పి మొదలైన రోజు ఒకటి, రాయి పడిపోయిన రోజు మరొకటి. మొదటి రోజున వైద్యుడు ఏం చెప్పినా చేస్తానంటాడు. రెండవ రోజున వైద్యుణ్ణే మరచిపోతాడు. ఆ మరపు సహజమే. అయితే ఈ వ్యాధికి దీర్ఘకాలం చేయవలసిన చికిత్స సరిగ్గా ఆ రోజు నుండే మొదలవుతుంది. ఒకసారి రాయి వచ్చి, నివారణకు ఏమీ చేయనివారిలో దాదాపు సగం మందికి పదేళ్ళలోపు మళ్ళీ వస్తుంది. పడిపోయిన రాయి ఫలితం మాత్రమే. దానిని తయారుచేసిన మూత్రం ఇంకా అలాగే తయారవుతూ ఉంటుంది.

రాయి ఎలా పుడుతుందో పటికబెల్లం తయారీ తెలిసినవారికి సులభంగా బోధపడుతుంది. చిక్కని పంచదార పాకంలో దారం వేలాడదీస్తే, పాకంలో ఇమడలేని చక్కెర ఆ దారం చుట్టూ స్ఫటికాలుగా పేరుకుంటుంది. పాకం పలుచగా ఉంటే దారం ఎన్నాళ్ళున్నా పలుకు కట్టదు. మూత్రపిండంలో జరిగేదీ ఇంచుమించు ఇదే. కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ ఆమ్లం అందరి మూత్రంలోనూ ఉంటాయి. వాటిని కరిగించి ఉంచడానికి చాలినంత నీరు లేనప్పుడు అవి స్ఫటికాలవుతాయి. ఈ స్ఫటికాలు పేరుకోకుండా అడ్డుకునే పదార్థాలు కూడా మూత్రంలో ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది సిట్రేట్. నీరు తగ్గి, సిట్రేట్ తగ్గి, ఉప్పు పెరిగితే రాయికి కావలసిన ఏర్పాట్లన్నీ సమకూరినట్లే.

అన్ని రాళ్ళూ ఒక జాతివి కావు. అత్యధికం కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు. యూరిక్ ఆమ్లపు రాళ్ళు మధుమేహం, స్థూలకాయం, గౌట్ ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. ఇవి మామూలు ఎక్స్-రేలో కనబడవు. కొన్ని రాళ్ళు మూత్రంలో సూక్ష్మజీవుల వలన పెరుగుతాయి. బహు కొద్దిమందిలో వంశపారంపర్యంగా వచ్చే సిస్టిన్ రాళ్ళుంటాయి. అందుకే పడిపోయిన రాయిని పారవేయకుండా పరీక్షకు పంపాలి. రాయి ఏ జాతిదో తెలిస్తే మళ్ళీ రాకుండా ఏం చేయాలో సగం తెలిసినట్లే.

రాయిని బయటకు తీసే విద్యలో మానవుడు చాలా దూరం నడిచాడు. సుశ్రుత సంహితలో అశ్మరికి శస్త్రచికిత్స వర్ణన ఉంది. హిప్పోక్రటీస్ పేరున చెలామణీ అయ్యే ప్రతిజ్ఞలో, రాళ్ళకోసం కత్తి పట్టననీ, ఆ పని తెలిసినవారికే వదిలివేస్తాననీ వైద్యుడు మాట ఇస్తాడు. అంత ప్రమాదకరమైన కోత అది. 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో క్రిస్టియన్ షౌసీ బృందం, శరీరాన్ని కోయకుండా, వెలుపలి నుండి పంపిన తరంగాలతో మొదటిసారి రోగి మూత్రపిండంలోని రాయిని పగులగొట్టింది. ఇప్పుడు సన్నని గొట్టం వంటి పరికరాన్ని మూత్రమార్గం గుండా పంపి, లేజర్‌తో రాయిని పొడిచేసి, మరునాడే ఇంటికి పంపగలుగుతున్నారు. ఇంత సులువు కావడం వలన ఒక చిక్కు కూడా వచ్చింది. వస్తే తీయించుకోవచ్చులే అన్న నిబ్బరం జనంలో పెరిగింది. తీసినది రాయినే గాని, రాయి కట్టే గుణాన్ని కాదు.

ఈ నొప్పి నాకు పుస్తకాల వలనే కాక అనుభవం వలన కూడా తెలుసు. యాభై రెండవ ఏట, ఒక మే నెల రాత్రి, ఎడమ డొక్క వెనుక మొదలై గజ్జలోకి దిగింది. కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే పడుకోవాలనిపించింది. ఏ భంగిమలోనూ నిలువలేకపోయాను. ఇదే ఈ నొప్పికి గుర్తు. కడుపులో పేగు చిల్లుపడిన రోగి కదలకుండా పడుకుంటాడు, రాయి ఉన్న రోగి గది అంతా తిరుగుతాడు. స్కాన్‌లో మూత్రనాళం చివర 4 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. డైక్లోఫెనాక్ సూదిమందు అరగంటలో శాంతినిచ్చింది. తొమ్మిదవ నాడు టీ వడపోతలో నువ్వుగింజంత రాయి చిక్కింది. ఇంతటి బాధకు కారణం ఇంత చిన్నదా అని మా ఇంట్లోవాళ్ళు ఆశ్చర్యపోయారు. నొప్పికి కారణం రాయి పరిమాణం కన్నా అది మూత్రాన్ని అడ్డగించడం. వెనుక నిలిచిన మూత్రం ఒత్తిడికి నాళమూ, మూత్రపిండమూ ఉబ్బుతాయి.

5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. 10 మిల్లీమీటర్లు దాటినవి పడిపోవడం అరుదు. మధ్యనున్నవాటి సంగతి వైద్యుడు చూసి నిర్ణయించాలి. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు బిందెడు నీళ్ళు తాగితే రాయి కొట్టుకుపోతుందని చాలామంది నమ్ముతారు. దారి మూసుకుపోయినప్పుడు అతిగా తాగడం వలన రాయి త్వరగా కదలదు. వాంతులు మాత్రం పెరగవచ్చు. ఆ సమయంలో దాహానికి తగినంత తాగితే చాలు. నొప్పి తగ్గించే మాత్రలను మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు సొంతంగా వేసుకోకూడదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం తెల్లవారే వరకు ఆగకూడదు. నొప్పితోపాటు చలిజ్వరం వస్తే, మూత్రం పూర్తిగా ఆగిపోతే, నోటిద్వారా ఏదీ నిలువకుండా వాంతులవుతుంటే, ఒకే మూత్రపిండం ఉన్నవారికి నొప్పి వస్తే, గర్భిణికి నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అడ్డు వెనుక చీము పట్టిన మూత్రపిండం కొద్ది గంటల్లో ప్రాణం మీదికి తేగలదు. మరొక హెచ్చరిక. రాయి తీసిన తర్వాత లోపల డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం ఉంచుతారు. అది తాత్కాలికం. ఎప్పుడు తీయాలో ఆసుపత్రి విడిచేటప్పుడే తేదీ వ్రాయించుకోండి. నొప్పి లేదు కదా అని నెలల తరబడి వదిలేస్తే ఆ గొట్టం చుట్టూనే కొత్త రాయి కడుతుంది.

ఇక మళ్ళీ రాకుండా చూసుకోవడం. మొదటి మందు నీరే. ఇది పెద్దల నానుడిగా చెబుతున్నది కాదు. ఇటలీలో బోర్గీ అనే వైద్యుడి బృందం, మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని అయిదేళ్ళు గమనించి 1996లో ఫలితాలు ప్రకటించింది. రోజుకు 2 లీటర్లకు పైగా మూత్రం వచ్చేటట్లు నీళ్ళు తాగినవారిలో 12 శాతం మందికి రాయి తిరిగి వచ్చింది. అలవాటు మార్చుకోనివారిలో 27 శాతం మందికి వచ్చింది. సగానికి తగ్గించిన ఆ మందు కుండలో దొరుకుతుంది.

ఎన్ని గ్లాసులు తాగాలి అని అందరూ అడుగుతారు. లెక్క తాగినదానితో కాదు, బయటకు వచ్చినదానితో కట్టాలి. రోజుకు 2.5 లీటర్ల మూత్రం రావాలి. నీడపట్టున కూర్చునేవారికి 3 లీటర్ల నీళ్ళతో అది సాధ్యం కావచ్చు. రెంటచింతల, రామగుండం ఎండల్లో పనిచేసేవారికి, గల్ఫ్‌లో కట్టడపు పనుల్లో ఉన్న మన కార్మికులకు ఆ నీరంతా చెమటగానే పోతుంది. ఒక సెలవురోజున 24 గంటల మూత్రాన్ని లీటరు సీసాతో కొలిచి చూడండి. మీకు ఎంత నీరు కావాలో మీ శరీరమే చెబుతుంది. తర్వాత రోజూ కొలవనక్కరలేదు. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే చాలు. పడుకునే ముందు ఒక గ్లాసు, రాత్రి మూత్రానికి లేచినప్పుడు మరో అరగ్లాసు తాగడం మంచిది, ఎందుకంటే రాత్రివేళ మూత్రం బాగా చిక్కబడుతుంది. గుండె బలహీనత, మూత్రపిండాల వైఫల్యం ఉన్నవారు మాత్రం నీటి కొలతను తమ వైద్యుణ్ణే అడగాలి.

ఇంతవరకు చెప్పడం తేలికే. నా దగ్గరకు ఒక ఉపాధ్యాయిని వచ్చేవారు. ఆరేళ్ళలో నాలుగుసార్లు రాయి వచ్చింది. చదువుకున్న మనిషి, చెప్పినది అర్థం చేసుకోగల మనిషి. అయినా బడి ఉన్న రోజుల్లో ఉదయం కాఫీ తప్ప సాయంత్రం వరకు గుక్కెడు నీళ్ళు తాగేవారు కాదు. "బడిలో మాకు మరుగుదొడ్డి లేదండీ. ఉన్న ఒక్కదానికీ తలుపు లేదు. తాగితే ఎక్కడికి వెళ్ళమంటారు?" అన్నారామె. ఆ ఒక్క ప్రశ్నలో ఆమె వ్యాధి చరిత్ర అంతా ఉంది. వేసవి సెలవుల్లో ఎండలు మండుతున్నా ఆమెకు నొప్పి వచ్చేది కాదు; బడి తెరిచాక కొద్ది నెలలకు వచ్చేది.

ఆ తర్వాత నుండి నీళ్ళు తాగమని చెప్పే ముందు, రోజంతా ఎక్కడ గడుపుతారు, అక్కడ మరుగుదొడ్డి ఉందా అని అడగడం నాకు అలవాటైంది. వరి నాట్లకు వెళ్ళే స్త్రీలు, బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడే అమ్మాయిలు, లారీ డ్రైవర్లు, బస్సు కండక్టర్లు, కూడలిలో నిలిచే పోలీసులు, ఇలా ఎంతోమంది దాహాన్ని చంపుకొనే రోజు గడుపుతారు. వీరికి నా సలహా ఇది. పనికి బయలుదేరడానికి గంట ముందే అరలీటరు తాగి, మూత్రవిసర్జన చేసి వెళ్ళండి. మధ్యాహ్నం వెసులుబాటు దొరికే వేళకు గంట ముందు మరొక అరలీటరు తాగండి. ఇల్లు చేరినది మొదలు పడుకునే వరకు మిగతాది పూర్తిచేయండి. ఇది సర్దుబాటే గాని పరిష్కారం కాదు. పరిష్కారం ప్రధానోపాధ్యాయుల చేతిలో, దుకాణం యజమాని చేతిలో, కాంట్రాక్టరు చేతిలో ఉంది. తలుపూ నీరూ ఉన్న మరుగుదొడ్డి కూడా మూత్రపిండాల వైద్యంలో భాగమే. ఆ ఉపాధ్యాయిని బడిలో తల్లిదండ్రులు చందాలు వేసుకుని తలుపు పెట్టించారు. తర్వాత నాకు తెలిసినంతకాలం ఆమెకు రాయి రాలేదు. ఒక మనిషి అనుభవం రుజువు కాజాలదు; కాని కారణం ఎక్కడుందో చూపగలదు.

ఆహారం విషయంలో మన ఇళ్ళలో భయాలు ఎక్కువ, జాగ్రత్తలు తక్కువ. రాయి అనగానే ముందు టమాటా మానేస్తారు. టమాటాలో ఆక్సలేట్ తక్కువే. దాని గింజలు రాళ్ళుగా మారవు. తర్వాత పాలు, పెరుగు మానేస్తారు. ఇది మరింత హాని. ఆహారంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో బయటకు పంపుతుంది. కాల్షియం లేకపోతే ఆ ఆక్సలేట్ రక్తంలో చేరి మూత్రంలోకి వస్తుంది. బోర్గీ బృందమే 2002లో మరొక పరిశీలన ప్రకటించింది. పదేపదే రాళ్ళు వచ్చే 120 మంది పురుషుల్లో సగం మందికి కాల్షియం తగ్గించిన ఆహారం, తక్కినవారికి మామూలుగా కాల్షియం ఉండి ఉప్పు, మాంసం తగ్గించిన ఆహారం ఇచ్చారు. అయిదేళ్ళలో మొదటి వర్గంలో 23 మందికి, రెండవ వర్గంలో 12 మందికి రాళ్ళు తిరిగి వచ్చాయి. కనుక పెరుగన్నం మానకండి. కాల్షియం మాత్రలు వాడవలసివస్తే వైద్యుణ్ణి అడిగి, భోజనంతోపాటే వేసుకోండి.

ఆక్సలేట్ నిజంగా ఎక్కువగా ఉండేవి పాలకూర, తోటకూర, చుక్కకూర, బీట్‌రూట్, బాదం, జీడిపప్పు. కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు వచ్చేవారు వీటిని తగ్గించాలి. ఎప్పుడైనా తింటే అదే భోజనంలో పెరుగు ఉండేలా చూసుకోవాలి. విటమిన్ సి మాత్రలను పెద్ద మోతాదులో వాడకూడదు.

మనం అసలు తగ్గించవలసినది ఉప్పు. శరీరం ఉప్పును బయటకు పంపేటప్పుడు మూత్రంలో కాల్షియం కూడా పెరుగుతుంది. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చెంచా, చాలు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, వడియాలు విస్తరిలో చేరిన పూటనే ఆ లెక్క తప్పుతుంది. మాంసాహారులు పరిమాణం తగ్గించుకుంటే యూరిక్ ఆమ్లం తగ్గుతుంది, సిట్రేట్ పెరుగుతుంది.

నిమ్మరసంలో సిట్రేట్ ఉంది. ఉప్పు, పంచదార లేకుండా నీళ్ళలో పిండుకుని తాగవచ్చు. కొబ్బరినీళ్ళు కూడా మంచివే, కాని మూత్రపిండాల వైఫల్యం ఉన్నవారికి వాటిలోని పొటాషియం ప్రమాదం. బార్లీ నీళ్ళు, ఉలవచారు, అరటిదవ్వ రసం, కొండపిండి ఆకు కషాయం గురించి తరచు అడుగుతారు. పేరులోనే రాతిని పిండిచేసే శక్తి ఉన్నా, కొండపిండి ఆకు కాల్షియం రాయిని కరిగిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. బార్లీ నీళ్ళ మేలు ఎక్కువగా వాటిలోని నీళ్ళదే. మందులతో కరిగేవి ముఖ్యంగా యూరిక్ ఆమ్లపు రాళ్ళు; పొటాషియం సిట్రేట్ ఇచ్చి మూత్రపు ఆమ్లతను తగ్గిస్తే అవి కరుగుతాయి. ఆ మందు వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

రెండవసారి రాయి వచ్చినవారు, చిన్నవయసులో వచ్చినవారు, రెండువైపులా వచ్చినవారు, ఒకే మూత్రపిండం ఉన్నవారు రక్తంలో కాల్షియం, యూరిక్ ఆమ్లం, క్రియాటినిన్ పరీక్షలు, 24 గంటల మూత్ర పరీక్ష చేయించుకోవాలి. పారాథైరాయిడ్ గ్రంథి దోషం వంటి దాగిన కారణాలు అప్పుడే బయటపడతాయి. నొప్పి లేకున్నా ఏడాదికొకసారి అల్ట్రాసౌండ్ పరీక్ష మంచిది. నొప్పి లేకుండానే పెరిగి మూత్రపిండాన్ని పాడుచేసే రాళ్ళు కూడా ఉంటాయి.

నొప్పి గుర్తున్నన్నాళ్ళు నీళ్ళు తాగడానికి ఎవరి ప్రోద్బలమూ అవసరం లేదు. అది మరపున పడిన మూడవ నెలలో, నాలుగవ నెలలో అలవాటు నిలిచిందా లేదా అన్నదే ముఖ్యం. మీ ఇంట్లో ఎవరికైనా రాయి పడిపోయి ఉంటే ఈ పూట వారి నీళ్ళసీసా నిండుగా ఉందో, ఖాళీ అయిందో ఒకసారి చూడండి. నిండుగానే ఉంటే, ఎందుకు తాగలేదని కోప్పడే ముందు, వారు పగలంతా గడిపే చోట మరుగుదొడ్డి ఉందా అని అడగండి.