ఆటోనగరులో మూడు రోజులు

బెజవాడలో బెంజి సర్కిలు నుంచి బందరు రోడ్డున పడి పటమట దాటామంటే, ఆటోనగరు వచ్చిన సంగతి కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. రేకు మీద సుత్తి పడే చప్పుడు ఒకటా రెండా! 1960లలో వెలసిన ఈ పేట పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. ఒట్టి చట్రంగా వచ్చిన లారీకి చెక్కా రేకూ కూర్చి ఒళ్లు కట్టి, నెత్తిన దేవుడి బొమ్మ, వెనకాల నెమలి బొమ్మ వేసి పంపే ఘనులు ఇక్కడివారు. ఒక వీధిలో టైర్లు, ఒక వీధిలో కమాను బద్దలు, ఇంకో వీధి నిండా పాత సామాను. ఆ పాత సామాను వీధే మా పాలిట కల్పవృక్షమయింది.

మేము వేడుక చూడ్డానికి వెళ్లలేదు లెండి. నందిగామ దాటాక, మునిమాపు వేళ, ఒక గేదె మా మారుతి 800కు అడ్డం వచ్చింది. గేదె లేచి, ఒళ్లు దులుపుకుని, మంద వెంట నడిచిపోయింది. బండికి మాత్రం ఎడమ మడ్గార్డు చుట్టుకుపోయి, బానెట్టు గుడారమయి, ఒక కన్ను పోయి, రేడియేటరు కారసాగింది. మాకున్నది చట్టం తప్పదన్న థర్డు పార్టీ బీమా ఒక్కటే. అది ఎదుటివారి నష్టానికే గాని మన రేకులకు దమ్మిడీ ఇవ్వదు. ఒక పెద్ద షెడ్డువారు చెప్పిన అంచనా వింటే బండి ఖరీదులో సగం! 2014లోనే తయారీ ఆగిపోయిన బండి మీద అంత ఎవరు పోస్తారు? అమ్మేద్దామంటే, మా మామగారిని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి చేర్చేది అదే. చేతిలో ఉన్నది 15 వేలు. అది దాటితే అబ్బాయి కాలేజీ ఫీజులో చెయ్యి పెట్టాలి.

ఎవరో చెప్పగా ఒక ముసలి టింకరింగు మేస్త్రి దగ్గరకు వెళ్లాం. ఆయన సుత్తి తీయలేదు, టేపు తీశాడు. ఇంజను గదిని ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు కొలిచాడు.

“రెండూ సరిపోయాయండి. ఎముక బాగుంది, తోలే చిరిగింది. అందం సంగతి తరవాత. ముందు నీళ్లు ఆగాలి, దీపం వెలగాలి, బానెట్టు గడియ పడాలి. గడియ పడకపోతే దారిలో లేచి అద్దానికి కొడుతుందండి” అన్నాడు.

రాగి రేడియేటరు కావడం మా అదృష్టం. మాటు వేయిస్తే ఆగింది. ఈ బండి ముందు మడ్గార్డు మరలతో బిగించేదే గనుక, పాతది సాగగొట్టే కూలికన్నా పాత సామాను వీధిలో ఇంకోటి కొనడం చవక. మేస్త్రి మా ఆవిడ చేతిలో ఒక అయస్కాంతం పెట్టి, “అంటుకోని చోట లప్పం దట్టంగా ఉన్నట్టండి, అమ్మగారూ” అన్నాడు. ఇంకేం! వంకాయలు ఏరినట్టు ఏరింది. నాలుగు మడ్గార్డులు తోసేసి ఐదోది, ఎర్రనిది, పట్టింది. మాది తెల్ల బండి. దీపంతో కలిపి 2,800.

బానెట్టు పని చూడదగ్గది. కింద దాగలి ఆనించి, పైన సుత్తితో, నొక్కు అంచుల నుంచి నడిమికి మెల్లగా కొడుతూ వస్తారు. తొందరపడి బాదితే రేకు సాగి ఉబ్బుతుంది. అలా ఉబ్బినచోట రూపాయిబిళ్లంత మేర గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి తడిగుడ్డ అద్దగానే, చుయ్యిమని ముడుచుకుంది! లప్పం పలచగా పూశాడు. దట్టంగా పూస్తే కుదుపులకు బీటలిస్తుందట. ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, మడ్గార్డుకూ బానెట్టుకూ మాత్రమే రంగు వేశాడు. బండి మొత్తానికి వేయించమని పక్క షెడ్డాయన చెప్పిన సలహా నాకు నచ్చలేదు. వెలిసిన తెలుపు పక్కన కొత్త తెలుపు కాస్త మెరుస్తుంది, మెరవనీ.

రేడియేటరుకు 1,100, కూలీ రంగూ కలిపి 8,500. మొత్తం 12,400 అయింది. బానెట్టు ఎడమ అంచున చిన్న ముడత ఉండిపోయింది. దాన్ని తీయాలంటే ఇంకో రోజు కూలి అన్నాడు; ఉండనిమ్మన్నాం.

“నెల్లాళ్లదాకా మైనం పాలిషు రుద్దకండి, రంగు బాగా ఆరాలి” అని మరీమరీ చెప్పి పంపాడు మేస్త్రి.

మరునాడు ఉదయం ఆరింటికి మామగారు కర్ర పోటు వేసుకుంటూ వచ్చి, ఆ ముడత మీద వేలు రాశారు.

“గేదెకేమీ కాలేదు కదుటయ్యా?” అని అడిగి, ముందు సీట్లో కూర్చున్నారు.