ఎలుగును ఎదిరించిన కుక్క
విశ్వాసానికి మారుపేరైన అకితా జాతి అసలు వృత్తి వేట. ఆ పని పోయినా స్వభావం పోలేదు

ఉత్తర జపాన్‌లోని ఒడాటే పట్టణంలో పాతకాలపు రైల్వే స్టేషన్‌లా కనిపించే భవనం ఒకటుంది. అక్కడికి రైళ్లు రావు. టోక్యోలోని షిబుయా స్టేషన్ 1920లలో ఎలా ఉండేదో ఆ రూపంలోనే దీన్ని కట్టి 2019లో తెరిచారు. లోపల అద్దాల గదిలో అకితా కుక్క కునుకు తీస్తుంటే జనం ఫొటోలు తీసుకుంటారు. కుక్క మాత్రం వారిని పెద్దగా పట్టించుకోదు. పరాయివారితో దాని తీరే అంత.

చనిపోయిన యజమాని కోసం షిబుయా స్టేషన్ దగ్గర దాదాపు పదేళ్లు ఎదురుచూసి, 1935లో కన్నుమూసిన హచికో పుట్టింది ఒడాటేలోనే. అయితే అంతకుముందే అకితాకు మరో పేరుంది. ఇక్కడి కొండల్లో మటాగి అనే సంప్రదాయ వేటగాళ్ల వెంట మంచులో నడిచిన కుక్క ఇది. యజమాని వచ్చేదాకా ఎలుగుబంటిని కదలనివ్వకుండా నిలువరించడం దాని పని.

తర్వాత కుక్కల పందేల మోజు పెరిగింది. మరింత బలం కోసం తోసా, మాస్టిఫ్ జాతులతో సంకరం చేశారు. అసలు జాతి చేజారుతోందని గ్రహించిన ఒడాటే వాసులు 1927లో పరిరక్షణ సంఘం పెట్టుకున్నారు. 1931లో ప్రభుత్వం అకితాను జాతీయ సహజ సంపదగా ప్రకటించింది. అయినా రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల దుస్తుల కోసం కుక్కల చర్మాలు వలిచారు. బతికి బయటపడిన కొద్దిపాటి కుక్కల నుంచే నేటి అకితాలు వచ్చాయి.

నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక, చిన్న కళ్లు దీని గుర్తులు. మగది దాదాపు 67 సెంటీమీటర్లు, ఆడది 61 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతాయి. మొరగడం తక్కువ, మొండితనం ఎక్కువ. తోటి కుక్కలతో, ముఖ్యంగా తన లింగానికే చెందినవాటితో సరిపడదు. అందుకే పిల్లప్పటి నుంచే మనుషులకు, ఇతర కుక్కలకు అలవాటు చేయాలి. రోజూ నడిపించాలి. కొడితే లొంగదు, ఓపికగా నేర్పితే వింటుంది.

రెండు పొరల బొచ్చు మంచుకు కవచం. ఏడాదికి రెండుసార్లు అది గుత్తులు గుత్తులుగా ఊడుతుంది, అప్పుడు రోజూ దువ్వక తప్పదు. 40 డిగ్రీల ఎండలు కాసే మన ఊళ్లలో అకితాను పెంచాలని ముచ్చటపడేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. చల్లదనం కోసమని బొచ్చు గొరిగిస్తే చర్మానికే చేటు. చర్మవ్యాధులు, తుంటి కీలు లోపాలు ఈ జాతిలో కనిపిస్తాయి కాబట్టి పశువైద్యుడి పరీక్షలూ అవసరమే.

విమానంలో వచ్చేవారికి టోక్యో నుంచి ఒడాటే-నొషిరో విమానాశ్రయం గంటకు కాస్త పైబడిన దూరం. చుట్టూ దేవదారు అడవులు. ఆ అడవుల్లో ఎలుగుబంట్లు ఇంకా ఉన్నాయి. 2025లో అవి ఊళ్లలోకి వచ్చి మనుషులపై పడుతుంటే, బోనులు పెట్టడంలో సాయం కోసం అకితా ప్రాంతానికి సైనికులను పంపాల్సివచ్చింది. మటాగిలు తగ్గిపోయారు, వారి కుక్కేమో అద్దాల గదికి చేరింది.