అమరిల్లోలో ఆరు చక్రాలు

అమరిల్లో టెక్సాస్ రాష్ట్రపు ఉత్తరపు కొసన, సముద్రమట్టానికి 3,600 అడుగుల ఎత్తున, బల్లపరుపు మైదానం మీద వుంది. ఆ పేరుకు స్పానిష్ భాషలో పసుపుపచ్చ అని అర్థం. 2020 లెక్కల ప్రకారం అక్కడి జనాభా రెండు లక్షలు. చెట్టు కనిపించడం అరుదుగాని, గాలికి మాత్రం కరువు లేదు.

ఆ వూళ్ళో దిగిన తెలుగువాడి కళ్ళు మొదట మేడల మీద కాదు, బళ్ళ మీద పడతాయి. ముందు నుంచి చూస్తే మన జీపుకు పెద్దన్నలా వుంటుంది. వెనక్కి వెళ్ళి చూస్తే లారీకి మల్లే ఇటు జంట, అటు జంట. మొత్తం ఆరు చక్రాలు! అక్కడివారు దీన్ని ముద్దుగా ‘డ్యూయలీ’ అంటారు. 1973లో షెవర్లే కంపెనీవారు ఈ బాపతు పికప్పును అమ్మకానికి పెట్టారు. ఈనాడు ఫోర్డువారూ, రామ్‌వారూ కూడా తయారు చేస్తున్నారు.

మా మేనల్లుడు అక్కడికి సుమారు యాభై మైళ్ళ దూరాన హెర్‌ఫర్డ్‌లో పశువుల డాక్టరు. ఒక పశుజాతి పేరే ఆ వూరి పేరు. చుట్టూ ఎటు చూసినా పశువుల దొడ్లే. మావాడికీ ఒక డ్యూయలీ వుంది. గుర్రాల ట్రెయిలరు మెడ వంచి ఆ బండి తొట్టిలో కూర్చుంటుంది. అంటే ఆ బరువు నేరుగా వెనక ఇరుసు మీద పడుతుందన్నమాట. అందుకే అక్కడ నాలుగు చక్రాలు.

కిందటి వేసవిలో కుడివైపు జంటలో లోపలి టైరు దారిలో పేలిపోయి, పైన వున్న రేకును చీల్చేసిందట. పిల్లలిద్దరూ వెనక సీట్లోనే వున్నారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆనాటి నుంచి ఆ బండి బయలుదేరితే చాలు, మావాడి భార్యకు గుండె దడే. అందుచేత ఆరు టైర్లూ మార్చడానికి అమరిల్లో వెళ్ళినప్పుడు తనూ వస్తానని, వెనక చిన్న కారులో నన్ను ఎక్కించుకుని బయలుదేరింది.

టైర్ల కొట్లో మావాడి చూపు గోడకు తగిలించిన తళతళలాడే అల్యూమినియం చక్రాల మీద, వాటికి తొడిగిన వెడల్పాటి టైర్ల మీద నిలిచింది. “ఎలా వున్నాయి మావయ్యా?” అన్నాడు. నిజం చెప్పొద్దూ, బాగానే వున్నాయి! కొట్టు యజమాని, తల నెరిసిన పెద్దమనిషి, ఏమీ అనకుండా మమ్మల్ని బండి వెనక్కి తీసుకుపోయి, జంట చక్రాల నడుమ తన అరచెయ్యి నిలువుగా దూర్చాడు.

“ఈ సందు చూశారా డాక్టరుగారూ? బరువు పడితే టైరు పక్కలు ఉబ్బుతాయి. వెడల్పు టైర్లు వేస్తే రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఒరుసుకుంటే వేడి, వేడెక్కితే పేలడం. రాయి ఇరుక్కున్నా అంతే.”

పాత టైరు మీద 235/80ఆర్17 అని వుంది. వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో నూటికి 80 వంతులు, చక్రం 17 అంగుళాలు. ఆ కింద సన్నని అక్షరాలలో, చదరపు అంగుళానికి 80 పౌన్ల గాలి వుంటే ఒంటరిగా 3,085 పౌన్లు, జంటలో 2,835 పౌన్లు మోస్తుందని రాసి వుంది. ఇద్దరు కలిస్తే ఒక్కొక్కరి బలం తగ్గడమేమిటని నాకు ఆశ్చర్యం వేసింది. జంటలో రెండూ సరిసమానంగా ఎప్పుడూ మోయవట. రోడ్డు మధ్య ఎత్తుగా వుంటే లోపలిదాని మీద ఎక్కువ భారం. ఒకదానిలో గాలి తగ్గినా, ఒకటి అరిగి పావు అంగుళం పొట్టిదైనా రెండోది నలిగిపోతుంది. లోపలి టైరు కళ్ళకు కనబడదు గనక ఎవరూ గాలి చూడరు. కిందటేడు జరిగింది అదే.

“అయితే లోపలి చక్రానికి ఏది మంచిదో అదే చెప్పండి” అంది ఆ అమ్మాయి.

దాంతో బేరం తేలిపోయింది. చక్రాలు పాత ఇనుపవే. పగుళ్ళు లేవు, బోల్టు రంధ్రాలు సాగలేదు. కొలత కంపెనీవారిదే. ఆరు టైర్లూ ఒకే రకం, ఒకే కొలత. మందుసీసా మీద తేదీ చూసే అలవాటున్న ఇల్లాలు కనక, ప్రతి టైరు పక్కనా చివరి నాలుగంకెలూ తనే చదివింది. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. వేరే కొట్లో చవగ్గా ఇస్తామన్న టైర్లకు ఏడేళ్ళ వయసు మరి! ఇనుప చక్రాల మీదికి మెరిసే మూతలు బిగిస్తామన్నారుగాని, నట్లు చూడాలంటే ప్రతిసారీ వాటిని వూడదియ్యాలని తెలిసి వద్దంది. మిగిలిన డబ్బుతో లోపలి టైరు గాలిమూతిని చేతికి అందేలా బయటికి తెచ్చే గొట్టాలూ, గాలి కొలిచే సాధనమూ కొన్నారు.

టైర్లు ఎక్కించడానికి రెండు గంటలు పడుతుందన్నారు. ఆలోగా మా ముగ్గురం చిన్న కారులో వూరికి పడమట వున్న కాడిలాక్ ర్యాంచి చూసి వచ్చాము. 1974లో పది కాడిలాక్ కార్లను ముక్కులు భూమిలోకి, తోకలు ఆకాశంలోకి వుండేలా పాతిపెట్టారు. వచ్చినవారల్లా రంగులు చిమ్మి పోతూ వుంటారు. ఒకనాడు దర్జాగా తిరిగిన చక్రాలు అక్కడ గాలిలో వున్నాయి.

సాయంత్రం ధాన్యపు గిడ్డంగులు, రైలు పట్టాలు చూసుకుంటూ హెర్‌ఫర్డ్ చేరాము. కొత్తగా బిగించిన నట్లను యాభై నుంచి నూరు మైళ్ళలోగా మళ్ళీ బిగించాలని పెద్దాయన చెప్పాడు. మావాడు బట్టలైనా మార్చుకోకుండా టార్కు రెంచి తీసి, చక్రానికి ఎనిమిది చొప్పున, ఎదురెదురు నట్లను వరసగా బిగించాడు.

గాలి మాత్రం టైర్లు చల్లగా వున్నప్పుడే చూడాలి. మర్నాడు పొద్దున్నే మేనల్లుడి పదేళ్ళ కూతురు తలుపు పక్కన అంటించిన చీటీ చదివి, ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అని పుస్తకంలో రాసుకుంది. ఇక ప్రతి ఆదివారం చక్రానికి పావు డాలరు జీతం. ఆరు చక్రాలకు డాలరున్నర.

“లోపలివాటికి అర డాలరు ఇవ్వాలి నాన్నా, చెయ్యి దూర్చాలిగా!” అంది పిల్ల.

వాళ్ళమ్మ వెంటనే ఒప్పుకుంది.