కనబడని అజేకా

యెరూషలేముకు నైరుతి దిశగా, ఏలా లోయ అంచున, పైభాగం చదునుగా ఉన్న ఎత్తయిన దిబ్బ ఒకటి ఉంది. పైకెక్కినవారి చూపు మొదట లోయ మీదికే పోతుంది. దావీదు ఒడిసెలరాతితో గొల్యాతును పడగొట్టినట్లు బైబిలు చెప్పేది అక్కడే. ఫిలిష్తీయుల దండు విడిసిన చోటును తెలపడానికి ఆ కథ శోకో, అజేకా అనే రెండు ఊళ్ళను గురుతుగా పేర్కొంటుంది. ఆ అజేకాయే ఈ దిబ్బ. కథ దావీదుది, ఊరు కేవలం గురుతు.

లేఖనాలలో అజేకా బ్రతుకంతా ఇంచుమించు ఇంతే. యెహోషువ యుద్ధంలో వడగండ్లు అక్కడిదాకా కురిశాయి. రెహబాము బలపరచిన కోటల పట్టికలో దాని పేరొకటి. దండెత్తి వచ్చిన అసీరియా రాజు శాసనం మాత్రం దానిని కొండకొమ్మున ఉన్న డేగగూడుతో పోల్చింది. ఊరి ఘనత శత్రువుకే బాగా తెలిసింది కాబోలు!

1935లో దక్షిణాన లాకీషు కోటద్వారం వద్ద, కాలిన కావలిగదిలో, స్టార్కీ నాయకత్వాన త్రవ్వుతున్న బ్రిటిష్ బృందానికి సిరావ్రాతలున్న కుండపెంకులు దొరికాయి. అవి బబులోను సైన్యం యూదాను నాశనం చేయనున్న రోజుల నాటి సైనికుల జాబులు. ఒకదానిలో హోషాయాహు అనే అధికారి, తనకు జాబు చదవడం రాదన్న పైయధికారి మాటకు ఎంతో నొచ్చుకున్నాడు. రాజ్యం కూలబోతున్నా మనిషికి మానం మానమే.

నాలుగవ జాబు చివర అజేకా పేరు వస్తుంది. తాము లాకీషు అగ్నిసంకేతాల కోసం కనిపెట్టుకొని ఉన్నామనీ, అజేకా తమకు కనబడటం లేదనీ వ్రాసినవాడు విన్నవించాడు. యూదా ప్రాకారపురాలలో లాకీషు, అజేకా మాత్రమే మిగిలాయని యిర్మీయా గ్రంథం 34వ అధ్యాయం చెబుతుంది. ఈ రెంటినీ జోడించి, అజేకా అప్పటికే పడిపోయిందని చాలమంది తీర్మానించారు. అడ్డుగా ఏదో మెట్ట ఉండి కనబడలేదేమోనని మరికొందరి వాదం. ఇక్కడ అనువాదకునికి ‘ఆరిపోయింది’ అని వ్రాయాలన్న ఆశ కలుగుతుంది. కాని పెంకు మీద ఉన్నది ‘కనబడదు’ అన్న మాటే. చీకటిలోకి చూస్తున్న ఆ సైనికుడు తనకు తెలిసినదానికి మించి ఒక్క మాటయినా చేర్చలేదు.

లాకీషు పడిపోయింది. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూడా కాలిపోయింది. 2012 నుండి టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ బృందం అజేకా దిబ్బను త్రవ్వి శోధించింది.

చెరనుండి మరలివచ్చినవారి నివాసాలను చెప్పేచోట నెహెమ్యా గ్రంథం అజేకానూ, దాని పల్లెలనూ పేర్కొంటుంది. అక్కడ మళ్ళీ పొయ్యిలు రాజుకున్నాయన్నమాట.